వెనక సీటు

ఫిబ్రవరి 2

మళ్ళీ మాట మార్చకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. "పోవద్దు" అని ఆయనతో ఒక్కసారి కూడా అనను. ఏడవను. అలగను. బిడ్డ మానస పేరు చెప్పి మెత్తబరచను. బహ్రెయిన్‌కు కొత్త వీసా వచ్చింది, ఈయన ఊ అన్నాడు. ఇరవయ్యో తారీఖు లోపల పాస్‌పోర్టు ఇస్తానని ఏజెంటు లక్ష్మీరాజానికి మాట కూడా ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు కాబట్టి ఆ కోపం పక్కన పెడుతున్నాను.

ఉండాలనిపిస్తే ఆయనకే అనిపించాలి. ఆ మాట ఆయన నోట్లోంచే రావాలి. గాజులు చేయించుకుందామనుకున్న డబ్బుతో విమానం టికెట్లు కొన్నాను.

ఫిబ్రవరి 3

ఇంట్లో చెప్పాను. అత్తమ్మ బీడీల చాట పక్కకు జరిపి నన్ను ఎగాదిగా చూసింది.

"సముద్రం జూసుడేందే సరితా? ధర్మపురికి పోయి గోదాట్ల మునిగి రాండ్రి, పుణ్యమన్న అస్తది."

"పుణ్యానికి కాదత్తమ్మా, తిరగనీకి."

"తిరిగినోనికి తిరుగుడు జూపిస్తవా?" అంది. గంగవ్వ కోడలిగా ఇన్నేళ్ళు ఉన్నాను, ఆమె మాటకు ఎదురు దొరకడం ఎప్పుడూ కష్టమే.

దీవిని ఎంచింది మానస. జగిత్యాల హాస్టల్ నుంచి ఫోన్‌లోనే అన్నీ బుక్ చేసింది. అండమాన్‌లో నీల్ అని చిన్న దీవి. "మమ్మీ, ఈ చివరి నుంచి ఆ చివరికి స్కూటీ మీద చాయ్ తాగినంత సేపు. డాడీని నువ్వే తిప్పు" అంది. దానికేం తెలుసు, డాడీ నా స్కూటీ ఎక్కనే ఎక్కడని.

స్కూటీ నేను ఆయన లేనప్పుడు నేర్చుకున్నాను. అత్తమ్మను దవాఖానకు తీసుకుపోవాలన్నా, బ్లౌజులకు లైనింగు గుడ్డ తేవాలన్నా ఎన్నిసార్లని ఆటోవాళ్ళను బతిమాలతాం. ఈయనకు సైకిల్ తప్ప ఏదీ రాదు. పన్నెండేళ్ళూ బహ్రెయిన్‌లో కంపెనీ బస్సే తీసుకుపోయి కంపెనీ బస్సే దింపేది. దసరాకు దిగినప్పుడు ముచ్చటపడి స్కూటీ వేసుకుని కోరుట్ల బస్టాండుకు పోయాను. ఈయన అటూ ఇటూ చూసి, సూట్‌కేసు నా వెనక కట్టి, తాను ఆటో ఎక్కి వచ్చాడు.

ఆ సూట్‌కేసు ఇంకా మంచం పక్కనే ఉంది. బీరువాలో నడిమి అర ఖాళీ చేసి ఇచ్చాను. ఇప్పటిదాకా ఒక్క రుమాలు పెట్టలేదు. బట్టలు సూట్‌కేసులోంచి తీస్తాడు, ఉతికినవి మడిచి మళ్ళీ అందులోనే పెడతాడు. లాడ్జిలో దిగినవాడు కూడా ఇంతకంటే సర్దుకుంటాడు. ఆయనను మాత్రం ఎందుకనాలి. గడప దాటితే చాలు, ఎదురైన ప్రతివాడూ "మల్ల ఎప్పుడు పోతున్నవ్?" అంటాడు. ఎట్లున్నవ్ అని అడిగినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

ఫిబ్రవరి 6

లక్ష్మీరాజం ఫోన్. మేం తిరిగొచ్చే రోజు హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో తన మనిషి ఉంటాడట, పాస్‌పోర్టు అతని చేతిలో పెడితే చాలట. "మల్ల ఒకపారి పట్నం పోయే పని తప్పింది" అని ఈయన సంతోషపడ్డాడు. నేను మొగిలవ్వ బిడ్డ బ్లౌజుకు రెండు చేతులూ తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పాను.

ఫిబ్రవరి 9

సర్దడం ఆయనదే. ఎక్కడినుంచో అట్టపెట్టె తెచ్చాడు. సకినాలు, మామిడికాయ తొక్కు, కారంపొడి. పైన ప్లాస్టిక్ తాడుతో నాలుగు వరుసలు బిగించి, నల్ల మార్కరుతో పెద్ద అక్షరాల్లో "ఆనంద్, కోరుట్ల" అని రాశాడు. నవ్వొచ్చింది.

"గదేంది, నాలుగు రోజులకు గంత కట్టుడు?"

"కట్టకపోతె పలుగుతది. నాకెరుక గదా."

పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. ఏమీ అనలేదు. నా మాట మీద నేను ఉన్నాను.

ఫిబ్రవరి 10, పోర్ట్‌బ్లెయిర్

ఇన్నేళ్ళూ విమానమంటే ఈయనను ఎత్తుకుపోయే వస్తువు. దాని మోత వినబడితే మా పుట్టింటి సిరిసిల్లలో మగ్గాల మోత మధ్య కూడా తలెత్తి చూసేదాన్ని. ఇవాళ నన్ను కూడా ఎక్కించుకుంది. కిటికీ సీటు నాకిచ్చాడు, బెల్టు పెట్టడం నేర్పాడు, చెవులు మూసుకుపోతే నోరు తెరిచి మింగమన్నాడు. కింద సముద్రం కనబడగానే నన్ను చూడమని తాను కళ్ళు మూసుకున్నాడు. పోయేటప్పుడు ఎప్పుడూ కళ్ళు మూసుకునే కూర్చుంటాడట. అది నాకు ఇప్పుడే తెలిసింది.

ఫిబ్రవరి 11, నీల్

ఓడలో కక్కుకున్నాను. ఆయన కవరు పట్టుకుని వీపు నిమిరాడు, మానస కడుపులో ఉన్నప్పుడు నేను పుట్టింట్లో కక్కుకుంటే ఆయన పక్కన లేడు కాబట్టి ఇది లెక్క సరిచేసినట్టే అనుకున్నాను.

దీవి నిజంగానే చిన్నది. కొబ్బరిచెట్లు, పోకచెట్లు, కూరగాయల మడులు, అక్కడక్కడా వరి కోసిన మళ్ళు. ఊళ్ళ పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, సీతాపూర్. అత్తమ్మకు ఫోన్ చేసి చెబితే "మరి ధర్మపురే పోకపోయిండ్రా" అంది.

ఓడరేవు దగ్గరే స్కూటీలు కిరాయికి ఇచ్చే దుకాణం. బెంగాలీ ఆయనది. అతను లైసెన్సు కోసం ఈయన వైపు చెయ్యి చాపాడు. ఈయన నన్ను చూపించాడు. బెంగాలీ ఆయన నవ్వి, నా లైసెన్సు ఫోటో తీసుకుని, పూచీకి ఎవరిదైనా అసలు కార్డు ఒకటి పెట్టాలన్నాడు. నేను సంచిలో ఆధార్ వెతుకుతున్నాను. అంతలోనే ఈయన జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చేశాడు. కవరుతో సహా, రెండు చేతులతో.

బయటికొచ్చాక అడిగాను.

"ఆధార్ ఇస్తె సరిపోతుండె గదా?"

"పాస్‌పోర్టు గాళ్ళ దగ్గరుంటెనే గాళ్ళకు నమ్మకం. మనం పోయే రోజు గాళ్ళే ఇస్తరు."

ఇస్తరు అని అంత ధీమాగా ఎట్లా అన్నాడో.

తర్వాత స్కూటీ ముందు కాసేపు నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మమ్మల్ని ఎరిగినవాడు సముద్రానికి ఇవతల ఒక్కడూ లేడు. ఎక్కి కూర్చున్నాడు. మొదట వెనకున్న రాడ్డు పట్టుకున్నాడు, మొదటి మూల తిరిగేసరికి నా భుజం పట్టుకున్నాడు. నేను ఆ మూల అవసరానికంటే కొంచెం జోరుగానే తిప్పాను.

ఫిబ్రవరి 12

ఇవాళ సీతాపూర్‌కు పొద్దున్నే పోయాం, సూర్యుడు రావడం చూడటానికి. అక్కడి చాయ్ దుకాణంలో ఈయన బెంగాలీలో మాట్లాడాడు. నాకు నోరు తెరుచుకుంది. బహ్రెయిన్ క్యాంపులో పక్క మంచాలవాళ్ళు బంగ్లాదేశ్ వాళ్ళట. దుకాణం ఆవిడతో ఏదో అన్నాడు, ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ ఏదో అన్నాడు, ఆవిడ మొగుడు కూడా లోపలినుంచి వచ్చి కూర్చున్నాడు. చేపల కూరలో ఆవాలు ఎట్లా నూరాలో ముగ్గురూ వాదించుకున్నారు. నేను గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. మా ఇంట్లో ఈ మనిషి "అన్నం పెట్టు", "లైటు బంద్ జెయ్యి" తప్ప మాట్లాడడు.

ముచ్చటగా ఉండాల్సింది, కోపమొచ్చింది. నవ్వించే మనిషిని పన్నెండేళ్ళు వాళ్ళు ఉంచుకున్నారు. నాకు రెండేళ్ళకొకసారి పంపింది అలసిపోయిన మనిషిని.

కాసేపటికి తగ్గింది. ఎందుకంటే ఇక్కడ నాకు మాట రాదు, ఆయనకు బండి రాదు. నేను నడుపుతుంటే ఆయన వెనకనుంచి దారి అడుగుతాడు, ధర తగ్గిస్తాడు, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయో కనుక్కుంటాడు. ఒక్క బండి మీద ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతున్నాం. ఇది నవ్వుతూనే రాస్తున్నాను.

మధ్యాహ్నం భరత్‌పూర్‌లో అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కాం. కింద రంగురంగుల చేపలు, మెదడులాంటి రాళ్ళు. ఆకుపచ్చ చేపను చూసి, ఈ రంగు అంచు దొరికితే ఎంత మంచి చీరవుతుందో అన్నాను. ఆయన చేపలను చూడటం లేదు, నీళ్ళను చూస్తున్నాడు.

"నేనున్నది గూడ దీవే సరితా. బహ్రెయిన్ అంటె సుట్టూ సముద్రమే. పన్నెండేండ్లల ఒక్కనాడు కాలు తడువలే."

"ఎందుకు?"

"శుక్రవారం ఒక్కనాడు సెలవు. బట్టలుతుకుడు, వంట, నీకు ఫోను. సముద్రం ఎవనికి యాదికుంటది?"

ఆ శుక్రవారం ఫోన్లలో నేను కరెంటు బిల్లు గురించి, అత్తమ్మ మోకాళ్ళ గురించి చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 13

లక్ష్మణ్‌పూర్‌లో రాతి వంతెన ఉంది, సముద్రం తనంతట తాను తొలిచింది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరికి నడవగలం. జారుడు రాళ్ళు, మధ్యలో నీటి గుంటలు. నా చెప్పులు జారుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. అవతలికి పోయాక వదల్లేదు. వంతెన కింద నిలబడ్డాం. ఇప్పుడు అంటాడు అనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు కూడా.

"ఈసారి మానసను గూడ తీస్కద్దాం. రెండేండ్లకు చుట్టీ ఇస్తరు గదా, గప్పుడు."

బాగుంటుంది అన్నాను.

సాయంత్రం స్కూటీ అప్పజెప్పాం. బెంగాలీ ఆయన లేడు, వాళ్ళావిడ తాళం తీసుకుంది. అన్నీ తీసుకున్నాం. రేపు పొద్దున ఓడ.

ఫిబ్రవరి 14

నిన్న "అన్నీ తీసుకున్నాం" అని రాశాను. అబద్ధం. నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను.

వాళ్ళావిడ తాళం తీసుకుని, బండి చుట్టూ తిరిగి గీతలు చూసి, సరేనని తలూపింది. ఈయన "చలో" అని నడిచాడు. పాస్‌పోర్టు అడగలేదు. నాకు అక్కడే గుర్తొచ్చింది, దుకాణం గడప దగ్గరే. నోరు తెరిచాను, మూశాను. అది ఈ దీవిలో ఉండిపోతే ఇరవయ్యో తారీఖు దానంతటదే దాటిపోతుంది. నేను పోవద్దన్నట్టు కాదు, అలిగినట్టు కాదు, నా మాట మీద నేను ఉన్నట్టే. బసకు వచ్చేదాకా ఎంత హుషారుగా నడిచానో. రొయ్యల వేపుడు రెండోసారి వేయించుకున్నాను.

పొద్దున ఓడ వరుసలో నిలబడ్డాం. అందరూ ఆధార్‌లు చేతిలో పట్టుకున్నారు. ఈయన కూడా తీశాడు. చొక్కా జేబు ఖాళీగా వేలాడుతోంది, దర్జీదాన్ని, జేబు బరువు నాకు తెలుస్తుంది. ఆయన కాగితం ఆయన దగ్గర లేకుండా చేసి, ఆయనను కదలకుండా కూర్చోబెడుతున్నాను. బహ్రెయిన్‌లో కంపెనీవాడు చేసిందీ అదే. వాడు జీతమన్నా ఇచ్చాడు.

"పాస్‌పోర్టు దుకాణంలనే ఉన్నది" అన్నాను.

చెయ్యి జేబు మీద పడింది. మొహం తెల్లబోయింది.

"నీకెప్పుడు యాదికచ్చింది?"

"నిన్ననే. తాళం ఇచ్చినప్పుడు."

"మరి చెప్పలేదేందే?"

"చెప్తె పోతవ్ గదా."

అనకూడదనుకున్న మాట అనలేదు. దాని చెల్లెలిని అన్నాను. వరుసలో వాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు, ఆయన అట్టపెట్టె ఎత్తుకుని ఉరికాడు, నేను సంచులతో వెనక. దుకాణం మూసి ఉంది. ఇల్లు వెనకే. వాళ్ళావిడ పిండి చేతులతో వచ్చి, బిస్కట్ల డబ్బా మూత తీసింది. అందులో ఎవరెవరివో కార్డులు, మధ్యలో ప్లాస్టిక్ కవరు. ఈయన బెంగాలీలో ఏదో అన్నాడు, ఆమె నెత్తి కొట్టుకుని "రాత్రి మా ఆయన మీకోసం వెతికాడు" అందట. ఓడ కూత వేసి వెళ్ళిపోవడం అక్కడికి వినబడింది. సర్కారు ఓడ మధ్యాహ్నం ఉందని, అప్పటిదాకా బండి తీసుకుపొమ్మని ఆవిడే తాళం ఇచ్చింది. పూచీకి నేను ఆధార్ ఇవ్వబోతే వద్దంది.

సీతాపూర్ వైపు పోనిచ్చాను. గుంత వచ్చినప్పుడల్లా ఆయన జేబులోని పాస్‌పోర్టు మూల నా వీపులో గుచ్చుకుంది. జరగమని అనలేదు. నాకు ఆ మాత్రం కావలసిందే.

ఇసుకలో కూర్చున్నాం. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మొదటిసారి పోయినప్పుడు ఎయిర్‌పోర్టులనే ఒకడు పాలితిన్ సంచి తెచ్చిండు. అందరి పాస్‌పోర్టులు అండ్ల ఏసుకున్నడు, కూరగాయలు ఏసుకున్నట్టు. మల్ల చుట్టీకి అచ్చే రోజే జూసుడు. నిన్న నేను మర్సిపోలే సరితా. అడగాలనే తెల్వలే. నాది అనే సోయే లేదు."

"నీదే. నీ దగ్గర పెట్టుకో. రేపు ఎవని చేతుల పెడతవో నీ ఇష్టం."

"పోవద్దనవా?"

"అనను."

"ఎందుకనవు?"

"నేనంటె ఆగుతవ్. ఆగినంక పైసలు తక్కువైన రోజల్ల, అరె సరిత ఆపకపోతే అనుకుంటవ్. గట్ల నా మొకం జూస్తే నేను పడ." ఇక్కడ ఆగాల్సింది, ఆగలేకపోయాను. "నువ్వు మా ఇంటికి సుట్టంలెక్క అచ్చి పోవుడు నాతోని అయితలేదు. ఉంటె ఉండు, పోతె పో. సూట్‌కేసు మాత్రం మంచం పక్కకెల్లి తియ్యి. దినాం పొద్దున దానికే నా కాలు తగులుతుంది."

ఏడవలేదు. ఎండ చాలా ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

ఆయన లేచి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. పాస్‌పోర్టు నాకు ఇవ్వబోయాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. చొక్కా విప్పి, అందులో చుట్టి, స్కూటీ సీటు కింద పెట్టి తాళం వేసుకుని నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు, తర్వాత నడుము. ఒక అల వచ్చి నెత్తిమీదుగా పోయింది. లేచి ఉమ్ముకుంటూ నా వైపు చూసి అరిచాడు, "ఉప్పగున్నదే" అని. పన్నెండేళ్ళు సముద్రం పక్కన ఉన్న మనిషికి ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 15

జూబ్లీ బస్టాండు. కోరుట్ల బస్సులో కూర్చున్నాను. ఆయన కిందికి దిగాడు. లక్ష్మీరాజం మనిషి నీలం టోపీ పెట్టుకుని ఉంటాడన్నారు. నేను కిటికీలోంచి చూడటం లేదు. ఇది రాస్తున్నాను. చూడటం లేదు.

వచ్చాడు. రెండు చాయ్‌లు తెచ్చాడు. జర్కిన్ చైను మెడదాకా వేసుకున్నాడు. చక్కెర తక్కువైందా అని అడిగాడు. సరిపోయింది అన్నాను.

ఫిబ్రవరి 16

నిన్న దారి పొడుగునా నిద్రపోయాడు. నేను పోలేదు. సిద్దిపేట దాటింది, కరీంనగర్ దాటింది, జగిత్యాల వచ్చింది, అడగలేదు. నా అంత మొండిదాన్ని మా అమ్మ ఇంకొకర్ని కనలేదు.

కోరుట్ల బస్టాండులో దిగేసరికి ఇంకా జనం ఉన్నారు. సైకిల్ స్టాండులోంచి నా స్కూటీ తెచ్చి, అట్టపెట్టె ఎక్కించడానికి తాడు తీశాను. పెట్టె నా వెనక, మనిషి ఆటోలో, అనుకుని. ఆటో లస్మయ్య మా వాడకట్టువాడే, అప్పటికే ఈయన సంచి అందుకోబోతున్నాడు.

"ఏం ఆనంద్, మల్ల ఎప్పుడు పోతున్నవే?"

ఈయన సంచి లస్మయ్య చేతిలోంచి తీసుకున్నాడు. అట్టపెట్టె ఎత్తి స్కూటీ ముందర, నా కాళ్ళ దగ్గర పెట్టాడు. సంచులు రెండు భుజాలకు తగిలించుకున్నాడు. లస్మయ్య చూస్తుండగా, చాయ్ హోటల్ ముందర నలుగురు చూస్తుండగా, వెనక ఎక్కి కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ."

పోనిచ్చాను. కూరగాయల మార్కెట్ దగ్గర స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగేసరికి ఆయన ముందుకు జారి నా వీపుకు తగిలాడు. జర్కిన్‌లోంచి గట్టిగా ఏదో మూల గుచ్చుకుంది. మొన్న గుచ్చుకున్న చోటే.

బ్రేకు వేశాను. వెనక ఎవడో హారన్ కొట్టాడు.

"ఇయ్యలేదా?"

"ఇయ్యలే. లక్ష్మీరాజంకు ఫోన్ జేసి చెప్పిన. మస్తు తిట్టిండు, తిట్టనీ."

"మరేం జేస్తవ్?"

"జగిత్యాలల సెంట్రింగు పని దొరుకుతది. మొదాలైతె గీ స్కూటీ నేర్చుకోవాలె." మళ్ళీ తనే, "జరుగుదునా? గుచ్చుతుందా?" అన్నాడు.

"గుచ్చనీ" అన్నాను.

ఇవాళ పొద్దున మంచం దిగితే నా కాలికి ఏమీ తగల్లేదు. సూట్‌కేసు సజ్జ మీద ఉంది. నడిమి అరలో నాలుగు చొక్కాలు, ఒక లుంగీ, వాటి కింద పాస్‌పోర్టు. అత్తమ్మ వచ్చి బీరువా తాళంచెవి ఏదే అని అడిగింది.

నా దగ్గర లేదత్తమ్మా, ఆయన దగ్గరుంది అని చెప్పాను.